రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ నత్తనడక నడుస్తుంటే ఏం చేయాలి

"రెండో కార్డు పెట్టకముందు బాగానే ఉండేదండీ. పింగ్ ఇప్పటికీ బ్రహ్మాండంగా వస్తోంది. లాగిన్ కావడానికే పది సెకన్లు పడుతోంది." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. దాని వెనకే వచ్చే ప్రశ్న కూడా నాకు కంఠతా వచ్చు: "కార్డు పోయిందేమో, కొత్తది కొనమంటారా?"

ఇప్పుడే కొనకండి. నేను ఒకసారి కొన్నాను. ఒక కాలేజీ ల్యాబ్‌లో ప్రాక్టికల్ పరీక్షల ముందురోజు ప్రతి లాగినూ పది సెకన్లు ఆగుతుంటే కార్డు మార్చాను, కేబుల్ మార్చాను, చివరికి స్విచ్ కూడా మార్చాను. తీరా చూస్తే, ఎప్పుడో మానేసిన బ్రాడ్‌బ్యాండ్ తాలూకు డీఎన్ఎస్ (పేర్లను అంకెల అడ్రసులుగా మార్చే సర్వర్) అడ్రసు ఒకటి ఫైల్లో మిగిలిపోయి ఉంది. ఆ ఒక్క లైను తీసేయగానే అంతా సర్దుకుంది. కార్డు అసలు కారణమయ్యే సందర్భాలు చాలా తక్కువ. ఎక్కువ సార్లు తప్పు దారిది. ఒక వాకిట్లోంచి వచ్చిన మనిషిని ఇంకో వాకిట్లోంచి పంపించడం వల్ల వచ్చేవే ఈ తిప్పలన్నీ.

ఇది లినక్స్ సర్వర్ కోసం రాశాను. విండోస్ వాళ్లకు చివర్లో నాలుగు మాటలున్నాయి. ఆదేశాలను ఫోన్లో పక్కవాడికి చెప్పినట్టు పలికి రాశాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. "అడ్డగీత" అంటే హైఫన్, "పైపు" అంటే నిలువు గీత. ఏమీ చెప్పకపోతే చిన్న అక్షరం, పెద్ద అక్షరం కావాల్సిన చోట "పెద్ద" అని చెబుతాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- సర్వర్‌లో రూట్ అధికారం (అన్నీ మార్చగల పెద్ద ఖాతా) లేదా సుడో.
- సర్వర్ ఎదురుగా మానిటరు, కీబోర్డు. అది కుదరకపోతే రిమోట్ కన్సోల్.
- ఒక్కో కార్డు వైపు ఒక్కో పీసీ. రెండు వైపుల నుంచీ చూడకపోతే సగం కథే తెలుస్తుంది.
- నెట్‌వర్క్ పరీక్షించే సాధనాలు: ఎత్‌టూల్, టీసీపీడంప్, ఆర్పింగ్, ఐపెర్ఫ్3, ఎన్‌సీ, డిగ్. ఇవన్నీ ముందే ఇన్‌స్టాల్ చేసుకోండి, నెట్ పడుకున్నాక చేయలేరు.
- కచ్చితంగా బాగుందని తెలిసిన ప్యాచ్ కేబుల్ ఒకటి, కనీసం క్యాట్ 5ఈ.
- ఫోన్లో స్టాప్‌వాచ్, ఒక తెల్ల కాగితం.

హెచ్చరిక: దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి రూట్లు (ప్యాకెట్లు పోయే దారులు) మార్చకండి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే అవుతుంది. తప్పదంటే, పని వేళలు అయ్యాక, ముందుగా ఇది కొట్టండి:

షట్‌డౌన్ అడ్డగీత ఆర్ ప్లస్ 10

పది నిమిషాల్లో సర్వర్ తనంతట తానే రీబూట్ అవుతుంది. ఐపీ ఆదేశంతో చేసిన మార్పులు రీబూట్‌తో చెరిగిపోతాయి కాబట్టి, మీరు బయట చిక్కుకుపోయినా పాత స్థితి తిరిగొస్తుంది. అంతా బాగుంటే "షట్‌డౌన్ అడ్డగీత సీ" కొట్టి రద్దు చేసుకోండి. ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులకు నెట్‌ప్లాన్ వాడుతుంటే "నెట్‌ప్లాన్ ట్రై" ఉంది. 120 సెకన్లలో మీరు ఔననకపోతే అదే వెనక్కి మార్చేస్తుంది.

ఉదాహరణకు మన సర్వర్ ఇలా ఉందనుకుందాం. ఈటీహెచ్0 ఆఫీసు వైపు, అడ్రసు 192.168.1.10, గేట్‌వే (బయటి నెట్‌వర్కులకు దారి ఇచ్చే రూటర్) 192.168.1.1. ఈటీహెచ్1 ల్యాబ్ వైపు, అడ్రసు 10.10.20.10, గేట్‌వే 10.10.20.1. మీ సర్వర్‌లో కార్డుల పేర్లు వేరుగా ఉంటాయి, "ఐపీ అడ్డగీత బీఆర్ ఏ" కొడితే కనిపిస్తాయి.

1. ఆలస్యాన్ని గడియారం పెట్టి కొలవండి

"స్లోగా ఉంది" అన్న మాటతో ఏ పనీ కాదు. ఎన్ని సెకన్లు? ఎక్కడ ఆగుతోంది? క్లయింట్ పీసీ నుంచి, పేరుతో కాకుండా అంకెల అడ్రసుతో ఇది కొట్టండి:

టైమ్ ఎన్‌సీ అడ్డగీత జెడ్‌వీ 192.168.1.10 22

చివరి 22 ఎస్ఎస్‌హెచ్ పోర్టు. తర్వాత ఇంకో అడ్రసుకూ ఇదే. ఆ తర్వాత మామూలుగా లాగిన్ అయి, పాస్‌వర్డ్ అడిగేదాకా పట్టిన సమయం రాసుకోండి. ప్రతిదీ మూడేసి సార్లు.

ఈ అంకెలే సగం రోగం చెప్పేస్తాయి.

- ఎన్‌సీ రెప్పపాటులో వచ్చి, లాగిన్ 5 లేదా 10 సెకన్లు ఆగితే: డీఎన్ఎస్. 3వ మెట్టుకు వెళ్లండి. లినక్స్ ఒక నేమ్‌సర్వర్ కోసం మామూలుగా 5 సెకన్లు చూసి, అప్పుడే తర్వాతిదాని దగ్గరికి వెళుతుంది. అందుకే 5 గుణిజాలు.
- ఎన్‌సీయే 1, 3, 7 సెకన్ల దగ్గర తేలితే: మొదటి ప్యాకెట్టో దాని జవాబో దారిలో పోతోంది. లినక్స్ క్లయింట్ 1 సెకను ఆగి మళ్లీ పంపుతుంది, ఆ తర్వాత 2, ఆ తర్వాత 4 సెకన్లు ఆగుతుంది. లినక్స్ కెర్నెల్ 6.5 నుంచి మొదటి కొన్ని ప్రయత్నాలు సెకనుకొకటి చొప్పునే వెళతాయి, అప్పుడు 1, 2, 3 కనిపించొచ్చు. 4, 5 మెట్లు చూడండి.
- లాగిన్ వెంటనే అయ్యి, పెద్ద డైరెక్టరీ లిస్టు అడగగానే తెర బిగుసుకుపోతే: ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో చెప్పే హద్దు). 7వ మెట్టు.
- ఎక్కడా ఆగదు కానీ ఫైలు కాపీ మాత్రం ఈడుస్తుంటే: కేబుల్, లింకు వేగం. 6వ మెట్టు.
- ఒకే పీసీ నుంచి ఒకసారి బాగా, ఇంకోసారి అధ్వానంగా: 5వ మెట్టు, లేదా సర్వర్ పేరుకు రెండు అడ్రసులు ఉండటం.

ఆ చివరిది తేలిగ్గా తెలుస్తుంది. క్లయింట్‌లో "ఎన్ఎస్‌లుకప్" కొట్టి సర్వర్ పేరు ఇవ్వండి. రెండు అడ్రసులూ వచ్చి, అందులో ఒకటి ఆ పీసీకి అందనిదైతే, ఆ అందనిదాన్ని ముందు ప్రయత్నించిన ప్రతిసారీ ఎదురుచూపే. ఆఫీసు వాళ్లకు ఆఫీసు అడ్రసు, ల్యాబ్ వాళ్లకు ల్యాబ్ అడ్రసు వచ్చేలా డీఎన్ఎస్‌లో సర్దండి. తాత్కాలికంగా రెండు వైపులకూ వేరు వేరు పేర్లు పెట్టినా పని జరుగుతుంది.

2. కాగితం మీద బొమ్మ గీయండి

నవ్వకండి, ఇది మానేసినవాళ్లే ఎక్కువ సేపు వెతుకుతారు. రెండు కార్డులు, వాటి అడ్రసులు, మాస్కులు, ఏ స్విచ్‌లోని ఏ పోర్టు, ఏ గేట్‌వే. తర్వాత "ఐపీ రూట్" కొట్టి వచ్చిన ప్రతి లైనునూ బొమ్మతో పోల్చండి. ప్రత్యేకంగా డిఫాల్ట్ అని మొదలయ్యే లైన్లు ఎన్నున్నాయో చూడండి.

రెండుంటే అనుమానితుడు దొరికాడు. రెండు డిఫాల్ట్ గేట్‌వేలు పెడితే బరువు పంచుకుంటాయని చాలామంది అనుకుంటారు. పంచుకోవు. మెట్రిక్ (దారి ప్రాధాన్యం చెప్పే అంకె) తక్కువున్నదే అన్నిటికీ వాడతారు, రెండోది ఊరికే కూర్చుంటుంది. చాలా లినక్సుల్లో నెట్‌వర్క్ సెట్టింగులు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ఈథర్నెట్‌కు 100, 101 అని మెట్రిక్కులు ఇస్తుంది. రీబూట్‌లో ఏ కార్డు ముందు లేస్తే దానికి 100 దక్కొచ్చు. "నిన్న బాగుంది, ఇవాళ బాలేదు" అనేదాని వెనక ఇదే ఉంటుంది తరచూ.

3. పేర్ల సంగతి తేల్చండి

సర్వర్ మీద, ఆగిపోతున్న క్లయింట్ అడ్రసు పెట్టి:

టైమ్ గెటెంట్ హోస్ట్స్ 10.10.20.57

జవాబు లేకపోయినా ఫర్వాలేదు, "లేదు" అని వెంటనే చెప్పాలి. ఐదు సెకన్లు తీసుకుంటే డీఎన్ఎస్సే దోషి. ఈటీసీ డైరెక్టరీలో ఉన్న రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, అందులోని ప్రతి నేమ్‌సర్వర్‌నూ విడివిడిగా అడగండి:

డిగ్ ఎట్ 192.168.1.1 అడ్డగీత ఎక్స్ 10.10.20.57

(ఎట్ గుర్తుకూ అడ్రసుకూ మధ్య ఖాళీ ఉండకూడదు.) పలకని నేమ్‌సర్వర్‌ను తీసేయండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: ఆ ఫైలును చేత్తో దిద్ది వదిలేయడం. రెండో కార్డు డీహెచ్‌సీపీలో (అడ్రసులు వాటంతట అవే అందే పద్ధతిలో) ఉంటే మర్నాటికి పాత లైను మళ్లీ ప్రత్యక్షం. మూలంలోనే ఆపాలి. నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఆ కనెక్షన్‌కు "ఇగ్నోర్ ఆటో డీఎన్ఎస్" ఎస్ అని పెట్టండి. నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ4 ఓవర్‌రైడ్స్ కింద "యూజ్ డీఎన్ఎస్" ఫాల్స్ అనండి.

ల్యాబ్ పీసీలకు డీఎన్ఎస్ లేకపోతే వాటి పేర్లు ఈటీసీలోని హోస్ట్స్ ఫైల్లో రాసినా చాలు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ 2015లో వచ్చిన 6.8 వెర్షన్ నుంచి "యూజ్ డీఎన్ఎస్"ను డిఫాల్ట్‌గా నో అనే పెడుతోంది, అయినా పాత సెట్టింగుల ఫైలు మోసుకొచ్చిన సర్వర్లలో ఎస్ అని ఉండిపోతుంది. చూడండి. జీఎస్ఎస్‌ఏపీఐ ఆథెంటికేషన్ (కెర్బరోస్ లాంటి కేంద్ర లాగిన్ పద్ధతి) అక్కర్లేకపోతే అదీ ఆపేయండి. మైఎస్‌క్యూఎల్ కనెక్షన్లే ఆలస్యమైతే "స్కిప్ నేమ్ రిజాల్వ్" ఆన్ చేయొచ్చు, కానీ గ్రాంట్లలో (డేటాబేస్ యూజర్లకిచ్చిన అనుమతుల్లో) పీసీల పేర్లు రాసి ఉంటే అవి చెల్లవు, ముందు ఐపీలుగా మార్చుకోండి.

చెక్: గెటెంట్ రెప్పపాటులో రావాలి. లాగిన్ మళ్లీ స్టాప్‌వాచ్‌తో కొలవండి.

4. జవాబు ఏ వాకిట్లోంచి పోతోంది?

అసలు కీలకం ఇదే, తొందరపడకండి.

ఆఫీసులోని 192.168.1.57 అనే పీసీ, తెలియక, సర్వర్ ల్యాబ్ అడ్రసు 10.10.20.10ని పిలిచిందనుకోండి. ప్యాకెట్ రూటర్ మీదుగా వెళ్లి ఈటీహెచ్1లో దిగుతుంది. సర్వర్ జవాబు రాసేటప్పుడు "192.168.1.57 నా ఈటీహెచ్0 పక్కనే ఉందిగా" అని నేరుగా అటు విసిరేస్తుంది. జవాబు రూటర్‌కు కనిపించదు. రూటర్‌లో ఫైర్‌వాల్ ఉంటే దానికి సగం సంభాషణే వినిపిస్తుంది, అనుమానించి మిగతాది కోసేస్తుంది. ఫైర్‌వాల్ లేకపోయినా, సర్వర్ నుంచి వెళ్లేటప్పుడు గిగాబిట్ దారి, సర్వర్‌కు వచ్చేటప్పుడు చిన్న రూటర్ దారి అయి వేగం ఒకవైపే చచ్చిపోతుంది.

పట్టుకోవడం ఇలా. సర్వర్ మీద:

ఐపీ రూట్ గెట్ 192.168.1.57 ఫ్రమ్ 10.10.20.10

జవాబులో డెవ్ తర్వాత ఏ కార్డు పేరుందో చూడండి. ఈటీహెచ్1 రావాల్సిన చోట ఈటీహెచ్0 వస్తే దొంగ దొరికినట్టే. కళ్లారా చూడాలంటే రెండు టెర్మినళ్లు తెరిచి, ఒకదాంట్లో

టీసీపీడంప్ అడ్డగీత ఎన్ అడ్డగీత ఐ ఈటీహెచ్0 హోస్ట్ 192.168.1.57

రెండోదాంట్లో అదే ఈటీహెచ్1తో. క్లయింట్ నుంచి ఎన్‌సీ కొట్టండి. రాకలన్నీ ఒక తెరలో, పోకలన్నీ ఇంకో తెరలో కనిపిస్తే సందేహం అక్కర్లేదు. రాక కనిపించి పోక ఏ తెరలోనూ లేకపోతే సర్వరే ఆ ప్యాకెట్‌ను పారేస్తోంది. ఫైర్‌వాల్ చూడండి, తర్వాత ఇది:

ఎన్‌స్టాట్ అడ్డగీత ఏజెడ్ పైపు గ్రెప్ అడ్డగీత ఐ రివర్స్‌పాత్

ప్రయత్నించిన ప్రతిసారీ ఆ అంకె పెరుగుతుంటే ఆర్‌పీ ఫిల్టర్ పని అది. వచ్చిన దారి, తిరిగి పోయే దారి ఒకటి కాకపోతే ప్యాకెట్‌ను నోరెత్తకుండా పారేసే కాపలా.

మందు, తేలికైనదాని నుంచి మొదలుపెడదాం.

మొదటిది: ఒక్క డిఫాల్ట్ గేట్‌వే చాలు. ఇంటర్నెట్ వైపున్న కార్డుకు ఉంచి, ల్యాబ్ వైపుది తీసేయండి. ల్యాబ్ వైపు ఇంకా నెట్‌వర్కులుంటే వాటికి మాత్రమే దారి చెప్పండి:

ఐపీ రూట్ యాడ్ 10.10.0.0/16 వయా 10.10.20.1 డెవ్ ఈటీహెచ్1

పదింట ఎనిమిది చోట్ల కథ ఇక్కడే ముగుస్తుందని నా అనుభవం. నెట్‌వర్క్‌మేనేజర్‌లో ల్యాబ్ కనెక్షన్‌కు "నెవర్ డిఫాల్ట్" ఎస్ అని పెట్టడం మరవకండి, లేకపోతే డీహెచ్‌సీపీ మళ్లీ తెచ్చి పెడుతుంది.

రెండోది: రెండు గేట్‌వేలూ నిజంగా కావాలంటే, అంటే రెండు ఇంటర్నెట్ లైన్లుంటేనో, రెంటిలో ఏ అడ్రసునైనా ఎవరైనా పిలుస్తారంటేనో, వచ్చిన వాకిట్లోంచే పంపే నియమం రాయాలి:

ఐపీ రూట్ యాడ్ 10.10.20.0/24 డెవ్ ఈటీహెచ్1 టేబుల్ 120
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 10.10.20.1 డెవ్ ఈటీహెచ్1 టేబుల్ 120
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 10.10.20.10 టేబుల్ 120

120 అనేది నేను పెట్టుకున్న అంకె, వాడుకలో లేనిది ఏదైనా పెట్టుకోండి. మొదటి లైను మర్చిపోతే పక్కనున్న ల్యాబ్ పీసీలకు కూడా జవాబు గేట్‌వే చుట్టూ తిరిగి వెళుతుంది, అది కొత్త నెమ్మది.

మూడోది, తప్పనిసరైతేనే: సిస్‌సీటీఎల్‌లో (కెర్నెల్ సెట్టింగులు మార్చే ఆదేశం) ఆర్‌పీ ఫిల్టర్‌ను 2కి మార్చడం. 1 కఠినం, 2 ఉదారం, 0 అసలు లేనట్టు. ఇక్కడొక మెలిక ఉంది. "ఆల్" కింద ఉన్న అంకె, కార్డు కింద ఉన్న అంకె, ఈ రెంటిలో పెద్దదే అమలవుతుంది. ఆల్‌లో 0 పెట్టి "ఆపేశాను, అయినా పనిచేయలేదు" అనేవాళ్లు కార్డు దగ్గర 1 ఉందేమో చూడరు.

చెక్: మళ్లీ ఐపీ రూట్ గెట్. డెవ్ దగ్గర సరైన కార్డు. ఎన్‌సీ మూడుసార్లు కొడితే మూడుసార్లూ తక్షణం.

5. రెండు కార్డులకూ ఒకే నెట్‌వర్క్ అడ్రసులిచ్చారా?

192.168.1.10, 192.168.1.11 అని రెండూ ఒకే స్విచ్‌లో పెట్టి, వేగం రెట్టింపవుతుందని ఆశపడటం. కాదు. లినక్స్‌లో అడ్రసు కార్డుది కాదు, యంత్రానిది. "192.168.1.10 ఎవరు?" అని స్విచ్‌లో కేక (దీన్నే ఏఆర్‌పీ అంటారు) వినపడితే డిఫాల్ట్‌గా రెండు కార్డులూ "నేనే" అంటాయి. అదే నెట్‌వర్క్‌లోని ఇంకో లినక్స్ పీసీ నుంచి చూడండి:

ఆర్పింగ్ అడ్డగీత పెద్ద ఐ ఈటీహెచ్0 192.168.1.10

రెండు వేర్వేరు మ్యాక్ అడ్రసులు (కార్డుల హార్డ్‌వేర్ అడ్రసులు) వస్తే ఇదే జబ్బు. ఆ రెంటిలో ఒకటి అసలు మీ సర్వర్‌దే కాకపోతే ఇంకెవరో అదే ఐపీ పెట్టుకున్నారని, వాళ్లను వెతకండి.

రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలంటే బాండ్ చేయండి, అంటే రెంటినీ కలిపి ఒకే కార్డులా వాడండి. మామూలు స్విచ్‌కు యాక్టివ్ బ్యాకప్ మోడ్ (ఒకటి పనిచేస్తుంటే రెండోది ఆపద్ధర్మానికి ఉండేది) చాలు. రెండు కార్డులూ కలిసి పనిచేసే 802.3ఏడీ పెడితే స్విచ్‌లో కూడా దానికి జోడీ అయిన ఎల్ఏసీపీ ఆన్ చేయాలి, ఒకవైపే చేస్తే కనెక్షన్లు తెగుతూ అతుకుతూ ఉంటాయి. బాండ్ చేసినా ఒక్క ఫైలు కాపీకి ఒక్క కార్డు వేగమే. 802.3ఏడీలో పదిమంది ఒకేసారి వాడితేనే లాభం తెలుస్తుంది. బాండ్ ఇష్టం లేకపోతే సిస్‌సీటీఎల్‌లో ఆల్ కింద ఏఆర్‌పీ ఇగ్నోర్ 1, ఏఆర్‌పీ అనౌన్స్ 2 పెట్టండి. పెట్టాక క్లయింట్‌లో పాత ఏఆర్‌పీ గుర్తులు తుడవకపోతే మార్పు కనిపించదు.

6. తీగ సంగతి

ఎత్‌టూల్ ఈటీహెచ్1

స్పీడ్ 1000 (సెకనుకు మెగాబిట్లు), డూప్లెక్స్ ఫుల్ (రెండు దిశలూ ఒకేసారి) రావాలి. 100 వస్తే ముందు కేబుల్ మార్చండి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. అందుకే ఆ నాలుగు కాక మిగతా వాటిలో ఒక్క తీగ తెగినా లింకు పూర్తిగా పోకుండా, చప్పుడు లేకుండా 100కు దిగొచ్చు. ఒకే కేబుల్‌ను చీల్చి రెండు పాయింట్లకు ఇచ్చే పాత వైరింగ్‌లో ఇది మామూలే.

హాఫ్ అని వస్తే ఒక చివర ఎవరో వేగాన్ని చేత్తో బిగించి పెట్టారు. ఒక వైపు 100 ఫుల్ అని బిగించి, రెండో వైపు ఆటోలో వదిలితే, ఆటో వైపు హాఫ్ అనుకుంటుంది. పింగ్ బాగుంటుంది, కాపీ మొదలుపెట్టగానే కుప్పకూలుతుంది. రెండు వైపులా ఆటోలో వదిలేయండి.

తర్వాత సర్వర్‌లో "ఐపెర్ఫ్3 అడ్డగీత ఎస్", క్లయింట్‌లో "ఐపెర్ఫ్3 అడ్డగీత సీ 192.168.1.10". చివర "అడ్డగీత పెద్ద ఆర్" కలిపి తిరుగు దిశలో ఇంకోసారి. 5201 పోర్టు తెరిచి ఉండాలి. గిగాబిట్‌లో 940 దగ్గర, 100లో 94 దగ్గర వస్తే తీగ నిర్దోషి. రెండు దిశలకూ బాగా తేడా ఉంటే 4వ మెట్టుకు వెనక్కి. ఇక్కడ 940 వచ్చి కాపీ మాత్రం నెమ్మదైతే డిస్కును అడగండి, నెట్‌వర్క్‌ను వదిలేయండి.

7. ఎంటీయూ

స్టోరేజీ కోసం రెండో కార్డుకు 9000 పెట్టిన వాళ్లకే ఇది. రెండు చివరలా 9000 పెట్టి మధ్య స్విచ్‌లో జంబో ఫ్రేములు (1500 దాటిన పెద్ద ప్యాకెట్లు) ఆన్ చేయకపోతే చిన్న ప్యాకెట్లు పోతాయి, పెద్దవి మాయమవుతాయి.

పింగ్ అడ్డగీత పెద్ద ఎం డూ అడ్డగీత ఎస్ 8972 అవతలి అడ్రసు

1500 ఉన్నచోట 1472తో చూడండి. రెండింటిలోనూ 28 బైట్లు హెడర్లకు పోతాయి. "మెసేజ్ టూ లాంగ్" అని వెంటనే వస్తే మీ కార్డు ఎంటీయూనే చిన్నది. ఏ పలుకూ లేకపోతే దారిలో ఎవరో మింగుతున్నారు. స్విచ్ మీద అధికారం లేకపోతే 1500కు తిరిగొచ్చేయండి, పెద్ద నష్టం లేదు.

విండోస్ సర్వర్ అయితే

లోపలి కార్డుకు డిఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగా ఉంచండి. ల్యాబ్ వైపు ఇంకా నెట్‌వర్కులుంటే "రూట్ అడ్డగీత పీ యాడ్"తో శాశ్వతమైన దారి ఇవ్వండి. క్లయింట్లు పిలవకూడని కార్డుకు, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ ట్యాబ్‌లో, ఈ కనెక్షన్ అడ్రసులను డీఎన్ఎస్‌లో రిజిస్టర్ చేయమనే టిక్కు తీసేయండి. డొమైన్ కంట్రోలర్‌కు (అందరి లాగిన్లనూ చూసే విండోస్ సర్వర్‌కు) రెండు కార్డులు పెట్టి ఉంటే వీలైనంత త్వరగా ఒకటి తీసేయడమే నా సలహా.

8. శాశ్వతం చేసి, మళ్లీ కొలవండి

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. మూడు కలిపి చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. పనిచేసిన మార్పును మాత్రమే నెట్‌ప్లాన్‌లోనో నెట్‌వర్క్‌మేనేజర్‌లోనో రాయండి. సిస్‌సీటీఎల్ మార్పులకు ఈటీసీలోని సిస్‌సీటీఎల్ డాట్ డీ కింద ఒక ఫైలు.

తర్వాత సర్వర్‌ను నిజంగా రీబూట్ చేయండి. లేచాక ఐపీ రూట్, ఐపీ రూల్ చూసి, 1వ మెట్టులో కొలిచినవన్నీ అదే పీసీల నుంచి, అదే వరుసలో మళ్లీ కొలవండి. ఆఖరున ఒక కార్డు కేబుల్ పీకి, రెండో వైపు ఏమాత్రం తడబడకుండా నడుస్తోందో లేదో చూసి, కేబుల్ తిరిగి పెట్టండి. అది ఏ పోర్టులోంచి పీకారో పీకే ముందే రాసుకోండి.